మిద్దె మీద తెరుచుకోని పేజీ

ఆ శనివారం పొద్దున ఖండప్ప సంచి నేనే సర్దాను. అడుగున దుప్పటి పెట్టాను. డయాలసిస్ కుర్చీలో నాలుగు గంటలు కూర్చునేసరికి వాడికి ఎండాకాలంలోనైనా చలి పుడుతుంది. దుప్పటి మీద తువాలు, ఆస్పత్రి ఫైలు, మందుల డబ్బా, ఉప్పు వేయని జొన్నరొట్టెలు నాలుగు, పక్కన అర లీటరు నీళ్ల సీసా. రోజుకు ఎంత తాగాలో తెలియాలని ఆ సీసాకు గోళ్లరంగుతో మూడు గీతలు గీశాను. సర్దినదంతా మళ్లీ బయటికి తీసి, ఒక్కొక్కటి చూసుకుని మళ్లీ పెట్టాను. మా ఇంటి నుంచి ఎవరు ప్రయాణమైనా నా పని ఇంతే.

"సంచిల నన్ను గూడ మడిచి పెడ్తవా ఏందక్కా" అన్నాడు ఖండప్ప, గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ.

ఖండప్ప నా తమ్ముడు. సంతపూర్‌లో మూడెకరాల మెట్టపొలం, ఒక బర్రె, రెండు గదుల ఇల్లు. భార్య పోయి ఆరేళ్లయింది. రెండేళ్ల కింద వాడి కిడ్నీలు చెడిపోయాయి. అప్పటినుంచి మంగళవారం, శుక్రవారం బస్సెక్కి బీదర్ వస్తాడు, ఒక ట్రస్టు వాళ్లు నడిపే సెంటర్‌లో రక్తం శుద్ధి చేయించుకుని, సాయంత్రం సంతపూర్ మీదుగా పోయే ఔరాద్ బస్సులో తిరిగి ఊరు చేరతాడు.

వాడికి ఒక్కతే బిడ్డ, సోనాలి. పెళ్లయి హైదరాబాదులో అత్తమామలతో ఉంటుంది. "వచ్చి మా ఇంట్ల ఉండు నాయినా, ఇక్కడ దవాఖాన మా గల్లీలనే ఉంది" అని ఆ పిల్ల పోరుతూనే ఉండేది. వాడు వినలేదు. మా వైపు తండ్రి బిడ్డ ఇంటికి పోతే ఒక పూట తిని, చీకటి పడకముందే లేచి వస్తాడు. వియ్యపురాలు వడ్డిస్తే రోజూ కూర్చుని తినడం వాడికి చావుతో సమానం. "బీదర్ల ఆ కుర్చీ ఉన్నన్ని దినాలు నేను నా ఇంట్ల ఉంట" అనేవాడు. అందుకే ఆ కుర్చీ అంటే వాడికి అంత ప్రాణం.

కుర్చీ నిలుపుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం పన్నెండు లోపల ఫోన్‌లో సెంటర్ వాళ్ల పేజీ తెరవాలి. పైన సెంటర్ పేరు, కింద రోగుల పట్టీ, పట్టీ చివర "వస్తున్నాను" అనే మీట. పట్టీ ఎవరి ఫోన్‌లోనైనా చూడొచ్చు గాని, మీట మాత్రం రోగి ఫోన్‌లోనే పనిచేస్తుంది. ఒకసారి నొక్కకపోతే ఆ ఒక్క రోజుకు కుర్చీ వేరేవాళ్లకు ఇస్తారు. వరుసగా రెండుసార్లు నొక్కకపోతే కుర్చీయే పోతుంది, ఎదురుచూసే పట్టీలో మొదట ఉన్న పేరుకు అదే రాసుకుంటుంది. ఇదివరకు నర్సమ్మ పుస్తకంలో రాసుకునేది. ఇప్పుడు పుస్తకం లేదు.

ఆ పేజీ వెనక యంత్రాన్ని చూసేది మా అంబిక.

అంబిక నా చెల్లెలి బిడ్డ. హళ్ళిఖేడ్‌లో పుట్టినా, చదువుకోసం చిన్నప్పుడే బీదర్ వచ్చి నా దగ్గరే పెరిగింది. ఒక చిన్న కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తుంది. ఆ పనిని క్లౌడ్ సర్వర్లు అంటారు. క్లౌడ్ అంటే ఏమిటని ఎన్నిసార్లో అడిగాను. ఎక్కడో బొంబాయిలో పెద్ద పెద్ద యంత్రాలుంటాయట, అందులో చిన్న వాటా అద్దెకు తీసుకుని మన పేజీ అందులో పెట్టుకోవాలట. మనిషి ఇక్కడే ఉంటుంది, ఇల్లు అక్కడ ఉంటుంది. అది అర్థమయ్యాక నాకు బెంగ తగ్గింది; ఈ పిల్ల ఎక్కడికీ పోదు కదా అని.

ఆ వారం బుధవారం నాడే అంబిక ట్రస్టు వాళ్ల పేజీని పాత యంత్రంలోంచి కొత్త యంత్రంలోకి మార్చింది. కొత్తదానికి రెండు అడ్రసులు. ఒకటి పాతకాలపు పొట్టి నంబరు, ఒకటి కొత్తరకం పొడుగు నంబరు. మా ఇంటికి తీగ మీద వచ్చే నెట్ పాత నంబరు దారినే పోతుంది. సెల్‌ఫోన్ కంపెనీలు కొన్ని, నాదీ ఖండప్పదీ సిమ్ ఉన్న కంపెనీ కూడా, ఇప్పుడు కొత్త నంబరు దారిని వాడుతున్నాయి. రెండు దారులూ ఒకే ఇంటికి వస్తే అందరికీ సౌకర్యమని దాని ఉద్దేశం. దీన్ని డ్యూయల్ స్టాక్ అంటారని చెప్పింది. దానికి ఆ పని మొదటిసారి. రెండు దారులూ తెరిచాక నన్ను పిలిచి చూపించి, ఇద్దరం కలిసి చాయ్ తాగాం.

గురువారం ఖండప్పకు పేజీ రాలేదు. పైన సెంటర్ పేరు వచ్చిందట, కింద అంతా తెల్లగా ఉండి చక్రం తిరుగుతూనే ఉందట. పన్నెండు దాటిపోయింది. సెంటర్‌కు ఫోన్ చేస్తే, వానలకు పల్లెల్లో సిగ్నల్ ఉండదని, మిగతావాళ్లు నొక్కుతున్నారు కదా అని అన్నారట. శుక్రవారం వాడు ఊరికే వచ్చి కూర్చున్నాడు. ఎవరో ఒకరు రాకపోవడం వల్ల మూడు గంటలకు కుర్చీ దొరికింది. అయ్యేసరికి ఆఖరి బస్సు పోయింది. మా ఇంటికి వచ్చాడు.

అన్నం తిన్నాక అంబిక వాడి ఫోన్ తీసుకుని మా ఇంటి వైఫైకి కలిపింది. పేజీ ఠక్కున తెరుచుకుంది. పట్టీ, మీట, అన్నీ వచ్చాయి.

"మామా, ఫోన్ బరాబర్ ఉంది. పట్టుకున్నోడే బరాబర్ లేడు" అంది అంబిక.

"నీ అసోంటి కోడలుంటే మామ బరాబర్ ఎట్లుంటడే" అన్నాడు వాడు.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "ఎడ్లను ములుగర్రతోని పొడిచినట్టు పొడుస్తడు ఫోన్‌ను. అది బెదిరిపోయి నిలబడ్డది" అన్నాను. ముగ్గురం నవ్వాం. వాడు ఫోన్‌ను తువాలుతో తుడిచి జేబులో పెట్టుకుని, తన వేళ్లవైపు చూసుకున్నాడు. అది నేను చూశాను. అయినా నవ్వుతూనే ఉన్నాను.

శనివారం తొమ్మిదిన్నరకు వాడు గడప దాటాడు. సంచి కుడి భుజానికి వేసుకున్నాడు. ఎడమ చేతికి సూదులు గుచ్చుతారు, దాని మీద బరువు పడకూడదు. "మంగళవారం పట్టీల నా పేరుందా జర చూడక్కా" అని, వెనక్కి తిరగకుండా గల్లీలోకి నడిచాడు.

మనిషి వెళ్లాక నేను ఇల్లు ఊడవను, మిద్దె ఎక్కి కనపడినంత దూరం చూస్తాను. ఆ రోజూ ఎక్కాను. ఫోన్ చేతిలోనే ఉంది. మా వైఫై మిద్దె దాకా రాదు. వాడి పేరు చూద్దామని పేజీ తెరిచాను. పైన సెంటర్ పేరు వచ్చింది. కింద తెల్లగా ఉంది. చక్రం తిరుగుతూ ఉంది. ఒకటి రెండు అని ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంది.

వాడు చెప్పింది చెప్పినట్టే ఉంది.

గల్లీ మలుపు దగ్గర వాడు ఆగాడు. చెప్పు పట్టీ ఊడినట్టుంది, సంచి గోడకు ఆనించి వంగి సరిచేసుకుంటున్నాడు. పిలిస్తే వినపడే దూరమే. "ఖండూ, ఆగు, నా ఫోన్ల గూడ వస్తలేదు" అంటే చాలు. వెనక్కి వచ్చేవాడు. సోమవారం దాకా మా ఇంట్లో ఉండి, మీట నొక్కి, మంగళవారం కుర్చీలో కూర్చుని పోయేవాడు. ఇదంతా నాకు అప్పుడే తట్టింది. తరవాత తట్టిందని చెప్పుకుంటే అబద్ధం.

నేను పిలవలేదు.

ప్రయాణమైన మనిషిని వెనకనుంచి పిలవకూడదని మాకు పట్టింపు. నాకు మరీ ఎక్కువ. ముప్పై ఒక్క ఏళ్ల కింద నా పెనిమిటి సిద్ధప్ప చెరకు ట్రాక్టర్ తోలుకుని ఫ్యాక్టరీకి బయలుదేరాడు. చలికాలం. మఫ్లర్ మరిచిపోయాడని వెనకనుంచి కేకేసి పిలిచాను. వెనక్కి వచ్చాడు, మఫ్లర్ తీసుకున్నాడు, పోయాడు. దిగుడు దగ్గర ట్రాక్టర్ తిరగబడింది. పదకొండో రోజు దాకా ఇంటికి వచ్చిన ఆడవాళ్లందరూ నా చెవిన పడేట్టు అన్న మాట ఒక్కటే, ఎనుకనుంచి పిలిచిందంట. ఆ తరవాత నేను బీదర్ వచ్చి ఖానావళి హోటళ్లకు జొన్నరొట్టెలు చేసిచ్చి బతికాను. ఎవరినీ వెనకనుంచి పిలవలేదు. గొడుగు మరిచిపోయినా పిలవలేదు.

ఇంతవరకు చెప్పి ఆపితే నా తప్పు సగం మాసిపోతుంది. కాని ఆ పట్టింపు ఒక్కటే కాదు.

నేను బడికి పోలేదు. రొట్టెలు చుట్టే కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, ముప్పై ఏడో ఏట తెలుగు చదవడం నేర్చుకున్నాను. కన్నడ అక్షరాలు దాని తోబుట్టువులే గనక బస్సు బోర్డులతో అవీ పట్టుబడ్డాయి. అలా నేర్చుకున్నవాళ్లకు ఒక రోగం ఉంటుంది. ఏదైనా అర్థం కాకపోతే, తెరుచుకోకపోతే, తప్పు తమదే అనుకుంటారు, ఎవరూ చూడకముందే దాచేస్తారు. నాకు బ్యాంకులో ఫారం అర్థం కాకపోతే కళ్లద్దాలు మరిచిపోయానని చెప్పి వచ్చేస్తాను. ఆ మిద్దె మీద కూడా నా వేలే ఎక్కడో తప్పు తగిలిందేమో అనుకున్నాను. అదీ కాక, రాత్రి వాడిని నవ్వింది నేనే. పిలిస్తే, నీ మాటే నిజమని ఒప్పుకోవాలి. కింద గదిలో అంబిక ఉంది, దాని యంత్రంలో లోపం ఉందని గల్లీకి వినపడేట్టు అరవాలి.

ఖండప్ప చెప్పు సరిచేసుకుని, సంచి ఎత్తుకుని మలుపు తిరిగాడు.

ఆదివారం రెండుసార్లు మిద్దె ఎక్కి చూశాను. రెండుసార్లూ తెల్లగానే ఉంది. కిందికి దిగి వంటింట్లో చూస్తే పట్టీ వస్తోంది. పైన రాదు, కింద వస్తుంది. ఇంత తేడా ఉందని అప్పటికి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఆ రోజే కంపెనీ వాళ్లు అంబికను ఫోన్‌లో మెచ్చుకున్నారు. ఇక మిగతా యంత్రాలు కూడా నువ్వే మార్చమన్నారట. అది మిఠాయి తెచ్చి నా నోట్లో పెట్టింది. ఆ తీపి నోట్లో పెట్టుకుని ఏం చెప్పను? రేపు చెబుదాంలే అనుకున్నాను. ఈలోపు దానంతట అదే బాగవుతుందేమో అనుకున్నాను.

సోమవారం పదకొండు ఇరవైకి ఖండప్ప ఫోన్ చేశాడు.

"అక్కా, మల్ల గట్లనే. పైన పేరొస్తాంది, కింద పట్టీ వస్తలేదు. పొద్దటి సంది కూసున్న. నా చెయ్యే మంచిగ లేదేమో."

చివరి మాట విని లేచాను. అంబిక గదిలోకి పోయి, దాని కుర్చీ వెనక నిలబడి, మిద్దె మీద నా ఫోన్‌లో కూడా ఆ పేజీ రావడం లేదని చెప్పాను. మొదట అది తిరగను కూడా తిరగలేదు. నీకు మామ రోగం అంటుకుందా అంది. తరవాత నా మొహం చూసి, ఫోన్ తీసుకుని మెట్లెక్కింది. దిగి వచ్చేటప్పుడు ఒక్కో మెట్టు నెమ్మదిగా దిగింది.

"ఎప్పటి సంది ఇట్లుంది పెద్దమ్మా? నువ్వెప్పుడు చూసినవ్?"

"ఇప్పుడే" అన్నాను. "బట్టలు తీయనీకి పోయి చూసిన."

తాడు మీద బట్టలే లేవు. అంబిక అది గమనించలేదు.

అప్పటికి పదకొండు ముప్పావు కావస్తోంది. అంబిక ముందు చేసింది మామకు ఫోన్ చేయడం. పంచాయతీ ఆఫీసు దగ్గర వైఫై ఉంటుంది, పరుగెత్తు అంది. వాడు పరుగెత్తలేడు. నడిచిపోయేసరికి ఆఫీసుకు తాళం ఉంది. రెండోది, పేజీ పేరు అడిగిన వాళ్లకు కొత్త అడ్రసు చెప్పకుండా, పాతది ఒక్కటే చెప్పేట్టు మార్చింది. అయితే ఒకసారి అడ్రసు తెలుసుకున్న ఫోన్‌లు దాన్ని గంటసేపు గుర్తుపెట్టుకుంటాయట. గంట లేదు మా దగ్గర. మూడోది, సెంటర్‌కు ఫోన్ చేసింది, ఎత్తలేదు. నువ్వే ఆ మీట నొక్కరాదా అని అడిగాను. యంత్రం తలుపులు నా చేతిలో ఉన్నాయి గాని లోపల రోగుల రిజిస్టర్ ముట్టే హక్కు నాకు లేదు పెద్దమ్మా అంది. గోడ గడియారం పన్నెండు కొడుతుంటే దాని చేయి ఇంకా ఫోన్ మీదే ఉంది.

ఆ తరవాత లోపం వెతకడానికి కూర్చుంది. నేను గుమ్మంలో కూర్చున్నాను. కదలడానికి ధైర్యం లేదు.

ల్యాప్‌టాప్‌ను ఇంటి నెట్ నుంచి విడదీసి నా ఫోన్ సిమ్ మీద నడిపించింది. ఇన్నాళ్లూ ఇంటి తీగ మీదనుంచే చూసి అంతా బాగుందనుకున్నానని తనలో తాను అనుకుంది. యంత్రానికి కొత్త అడ్రసు ఉందా అని చూసింది, ఉంది. అక్కడినుంచి బయటికి దారి రాసి ఉందా, ఉంది. పేజీ వచ్చే తలుపు రెండు దారులకూ తెరిచి ఉందా, ఉంది. పాత దారినే పొమ్మని బలవంతపెడితే పట్టీ వెంటనే వచ్చింది. కొత్త దారినే పొమ్మంటే పైన పేరు వచ్చి ఆగిపోయింది. తలుపు మూసి ఉంటే అసలేమీ రాకూడదు కదా, సగం ఎందుకు వస్తుందని జుట్టు పీక్కుంది. అసలేమీ రాకపోతే ఫోనే విసిగి పాత దారి పట్టేదట. సగం రావడం వల్ల అది కూడా నమ్మి కూర్చుంది.

ఒంటిగంటకు అన్నం కలిపి ముద్ద నోటికి పెట్టబోతే తల పక్కకు తిప్పుకుంది. తెరమీద సర్వర్ లోపలి సంగతులు వరుసలు వరుసలుగా పోతున్నాయి. ఒక వరుసను వేలితో చూపించి, పంపిందే మళ్లీ మళ్లీ పంపుతోంది, అవతలికి చేరడం లేదు అంది. కాసేపటికి కంపెనీలో దానికి పై మనిషి సంగమేష్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అవతలినుంచి అతను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. అంబిక తెరమీద ఇంకో పేజీ తెరిచి చూసుకుంది. తరవాత, "అవును సార్, బంద్ పెట్టిన" అంది.

ఫోన్ పెట్టేశాక నాకు చెప్పింది. నాకు చెబుతున్నట్టు లేదు, ఒప్పుకుంటున్నట్టు ఉంది.

"పాత తొవ్వల మూట పెద్దగుంటే తొవ్వలోళ్లే ఇప్పి, రెండు మూటలు చేసి పంపుతరు. కొత్త తొవ్వల ఎవ్వరు ఇప్పరు పెద్దమ్మా. 'మూట పెద్దగుంది, చిన్నగ కట్టు' అని ఎనుకకు కబురు పంపుతరు. సర్వర్ ఆ కబురు ఇని మూట చిన్నగ కట్టాలె. పైన పేరు చిన్న మూట, పోయింది. పట్టీ పెద్ద మూట, ఆగింది. కబురైతే వచ్చిందే. నేనే దాన్ని గేటు కాడ ఆపేసిన."

ఎందుకు ఆపావని అడిగాను.

"పాత మిషన్ల గట్లనే పెట్టుకుంటుంటిమి. బయటికెల్లి ఊకె పిలిచేటోళ్లకు పలుకొద్దు, దొంగలు గూడ గట్లనే పిలుస్తరు అని. అదే రివాజు దీనికి గూడ ఎక్కించిన. ఒక్కసారన్న ఆలోచించలే, పిలిచేది ఎవరో, ఎందుకు పిలుస్తున్నరో."

గేటు రాతలో ఒక్క వరుస మార్చి, కొత్త అడ్రసు మళ్లీ చెప్పేట్టు పెట్టింది. రెండు నలభైకి ఫోన్ నా చేతికిచ్చి మిద్దె మీదికి పంపింది. పట్టీ గలగలా దిగింది. మంగళవారం, మొదటి పూట, ఖండప్ప కూర్చునే ఆరో కుర్చీ. నేను కన్నడ అక్షరాలు ఒక్కొక్కటే చదివాను. శోభ, ఊరు ధన్నూర. ఖండప్ప పేరు కోసం చివరిదాకా చూశాను. ఎదురుచూసే పట్టీలో, పంతొమ్మిదో పేరుగా ఉంది.

వర్షంలోనే అంబిక స్కూటీ వేసుకుని సెంటర్‌కు పోయింది. గంటన్నర తరవాత తడిసి వచ్చింది. గురువారం, సోమవారం రెండుసార్లూ లోపం తన యంత్రానిదే, ఆయన తప్పేమీ లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చిందట. వాళ్లు మంచివాళ్లే. కాగితం తీసుకున్నారు. కాని ఆ శోభ ఇద్దరు చిన్నపిల్లల తల్లి, అయిదు నెలలనుంచి కుర్చీ కోసం చూస్తోంది, వారానికి రెండుసార్లు కలబుర్గి పోయి వస్తోంది. కుర్చీ వచ్చిందని ఆమెకు మధ్యాహ్నమే చెప్పారు. చెప్పాక ఎలా లాక్కుంటామని అడిగారట.

శనివారమే ఎవరైనా చెప్పి ఉంటే శనివారమే బాగుచేసేదాన్ని కదా అని మాత్రం అంది, తల తుడుచుకుంటూ. నన్ను ఉద్దేశించి అనలేదు. తువాలు అందించి నేను వంటింట్లోకి పోయాను.

సాయంత్రం మామకు అదే ఫోన్ చేసింది. నేను గోడకు ఆనుకుని విన్నాను.

"గల్తీ నాదే మామా. నీ ఫోన్‌ది గాదు, నీ చెయ్యిది గాదు."

"మంచిగైంది బిడ్డా" అన్నాడు వాడు. స్పీకర్‌లో గొంతు అలసిపోయి వినిపించింది. "నా ఫోన్ ఇజ్జత్ నిలబడ్డది."

"కుర్చీ మల్ల ఇయ్యలేమన్నరు మామా."

"ఆ పిల్లల తల్లిని లేపి నన్ను కూసోవెడ్తే నేను కూసుంటనా? ఏడువకు. అక్క ఏమంటుంది?"

అంబిక నావైపు ఫోన్ చాపింది. నేను పొయ్యి మీద పాలున్నాయని సైగ చేశాను.

డయాలసిస్ మనిషి మంగళవారం మానేసి ఎన్నాళ్లో ఉండలేడు. సోనాలి ఆ రాత్రే కారు మాట్లాడుకుని బయలుదేరి, మంగళవారం పొద్దున సంతపూర్ చేరింది. బర్రెను పక్కింటి అబ్బయ్యకు అప్పజెప్పారు. చేలో పెసలు కోతకు వచ్చి ఉన్నాయి. అవీ అతనికే వదిలారు. పోతూ పోతూ మా గల్లీ మొగదల ఆగుతామని చెప్పారు. రొట్టెలు మూట కట్టుకుని ఎనిమిదినుంచి రోడ్డు మీద నిలబడ్డాను. చెప్పవలసిన మాట కూడా సిద్ధం చేసుకున్నాను. పదకొండు దాటాక తెల్ల కారు వచ్చింది. వాడికి ఆయాసం మొదలైందట, హైదరాబాదులో కుర్చీ సమయం దాటిపోతుందని సోనాలి ఆపనీయలేదు. అద్దం వెనకనుంచి వాడు కుడి చేయి ఎత్తాడు.

అప్పుడు పిలిచాను. ముప్పై ఒక్క ఏళ్ల తరవాత మొదటిసారి, నడిరోడ్డు మీద, పోయే మనిషిని వెనకనుంచి పేరు పెట్టి పిలిచాను. అద్దాలు మూసి ఉన్నాయి.

వినాయక చవితి పోయాక ఒకరోజు ధైర్యం చేసి ఫోన్ చేశాను. అప్పటికి వాడు అల్లుడి ఇంట్లో మూడు వారాలనుంచి ఉంటున్నాడు. వియ్యపురాలు మంచిదేనని, ఉప్పు లేని కూర వాడి కోసం వేరే చేస్తుందని, అది తినేటప్పుడు తలెత్తబుద్ధి కాదని చెప్పాడు. మంచినీళ్లు అడగడానికి మొహమాటపడి సగం దప్పికతోనే ఉంటాడట. డాక్టర్ మాత్రం నీళ్లు బాగా తగ్గించావని మెచ్చుకున్నాడట. నవ్వుతూ చెప్పాడు.

నేను శనివారం మిద్దె మీద చూసిందంతా చెప్పాను. చెప్పు పట్టీ సంగతి కూడా చెప్పాను.

"పిలిస్తే ఆగుతుంటినక్కా" అన్నాడు.

తరవాత అడిగాడు, "అంబికకు చెప్పినవా?"

"లేదు."

"చెప్పు. ఆ పిల్ల మొత్తం తన మీదనే ఏసుకున్నది."

సరే అన్నాను. అంబిక ఇప్పుడు ఏ కొత్త యంత్రం పెట్టినా ముందు వైఫై ఆపి, ఫోన్ పట్టుకుని మిద్దె ఎక్కుతుంది. పెద్ద పేజీ ఒకటి తెరిచి, అది చివరిదాకా దిగేవరకు అక్కడే నిలబడుతుంది. ఒక్కోసారి గల్లీ మలుపు వైపు చూస్తూ నిలబడుతుంది. ఆ నెల మిగతా యంత్రాలు తను మార్చనని కంపెనీకి చెప్పింది, వాళ్లు వేరేవాళ్లకిచ్చారు. మామ ఊరు విడవడానికి తనే కారణమని హళ్ళిఖేడ్‌లో వాళ్లమ్మ ముందు ఏడ్చింది. నేను పక్కనే కూర్చుని దాని వీపు నిమిరాను. అప్పుడూ చెప్పలేదు.

ఏడాది దాటిపోయింది. ఎన్నో పొద్దులు చెబుదామని దాని కుర్చీ వెనక నిలబడ్డాను. ఏం పెద్దమ్మా అంటుంది. చాయ్ తాగుతావా అని అడిగి వచ్చేస్తాను. చివరికి ఇలా కాగితం మీద పెడుతున్నాను. అదీ తెలుగులో. అంబిక చదువంతా కన్నడంలో, ఇంగ్లిషులో జరిగింది. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఆ సంగతి తెలిసే తెలుగులో రాస్తున్నాను.

సంతపూర్ ఇంటికి తాళం ఉంది. పొలం అబ్బయ్య చేస్తున్నాడు. హైదరాబాదులో వారానికి మూడుసార్లు కుర్చీ, కాబట్టి రావడానికి వీలుపడదని సోనాలి అంటుంది. పండక్కి ఒక్కరోజు రమ్మని అడిగితే చూద్దామంటాడు వాడు. మూడు గీతల నీళ్ల సీసా వాడి దగ్గరే ఉంది.

మా తమ్ముడు ఖండప్ప రెండు వేల ఇరవై నాలుగు ఆగస్టు ఇరవై నాలుగో తేదీ, శనివారం, పొద్దున తొమ్మిదిన్నరకు మా ఇంటి గడప దాటాడు. మళ్లీ రాలేదు.